మగ్గం కార్మికుడి టాక్రోలిమస్ లెవెల్: కిడ్నీ మార్పిడి తర్వాత ఒక కేసు

ఈ కేసు 36 ఏళ్ల మరమగ్గం కార్మికుడిది. టాక్రోలిమస్ అంటే మార్చిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోజూ వాడే మందు. ఊరు చిత్తూరు జిల్లా నగరి ప్రాంతం. పేరు, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. రాయడానికి ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నారు. నేను తిరుపతిలో కిడ్నీ రోగులను చూసే బృందంలో క్లినికల్ ఫార్మసిస్టును. రోగ నిర్ధారణ, బయాప్సీ లాంటి నిర్ణయాలు మా నెఫ్రాలజిస్టువి. మందుల చరిత్ర అడగడం, రక్తంలో మందు లెవెల్ చూడడం, ఒక మందుకు ఇంకో మందు అడ్డం పడుతోందేమో వెతకడం నా పని. అందుకే ఇందులో బయాప్సీ కంటే మాత్రల కవరు గురించే ఎక్కువ ఉంటుంది.

వచ్చినప్పటి పరిస్థితి

మార్పిడి వేరే ఊళ్లో జరిగింది. కిడ్నీ ఇచ్చింది తల్లి. అప్పటికి దాదాపు ఏడాది కావస్తోంది. కిడ్నీ బాగా పట్టింది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష, పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) 1.1, 1.2 మధ్య నిలకడగా ఉండేది. అలాంటిది మామూలు పరీక్షలో ఒక్కసారిగా 2.3 వచ్చింది. కంగారుపడి ఆ రిపోర్టు పట్టుకుని మా ఓపీకి వచ్చారు.

జ్వరం లేదు. కిడ్నీ పెట్టిన చోట నొప్పి లేదు. మూత్రం తగ్గలేదు. బీపీ 150/94, పాదాల దగ్గర కొంచెం వాపు. మనిషిని చూస్తే జబ్బుగా ఉన్నట్టే లేదు. 'బాగానే ఉన్నాను కదా మేడం, ల్యాబ్‌లో ఏమైనా తప్పు చేశారేమో' అన్నది ఆయన మొదటి మాట. చాలామంది అదే అంటారు. వెనకటి రోజుల్లో రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించడం, వస్తే జ్వరం, నొప్పి, మూత్రం ఆగిపోవడం. ఇప్పటి మందుల మీద ఉన్నవాళ్లకు అది తరచూ ఒక అంకె రూపంలోనే కనిపిస్తుంది. ఒంటికి ఏమీ తెలియదు.

ఫైలు ప్రకారం ఆయన వాడాల్సినవి ఇవి. టాక్రోలిమస్ ఉదయం 2 మిల్లీగ్రాములు, రాత్రి 2. మైకోఫినోలేట్ మోఫెటిల్ 750 మిల్లీగ్రాములు రెండు పూటలా. ప్రెడ్నిసోలోన్ 5 ఉదయం. ఈ రెండూ కూడా రిజెక్షన్ రాకుండా ఇచ్చేవే. బీపీకి ఆమ్లోడిపిన్. చేతిలో ఉన్న కొత్త చీటీలో మాత్రం టాక్రోలిమస్ ఉదయం 1, రాత్రి 1 అని ఉంది. ఎందుకు సగమైందో ఆయన సరిగా చెప్పలేకపోయారు. 'మధ్యలో ఎక్కువైందని తగ్గించారు' అన్నారు, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం అయింది. ఉదయం మాత్ర 8 గంటలకే వేసుకున్నారు. కాబట్టి టాక్రోలిమస్ లెవెల్‌కు అప్పుడు రక్తం తీయలేదు. అడ్మిట్ చేసి, రాత్రి మాత్రకు ముందు ఏడూ ముప్పావుకు తీశాం. ఈలోగా అల్ట్రాసౌండ్, డాప్లర్ చేశారు. మూత్రానికి అడ్డు ఏమీ లేదు, రక్త ప్రసరణ బాగుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు.

లెవెల్ 2.9 వచ్చింది. ఆయన ఉన్న దశకు మేము కోరుకునేది 6 నుంచి 8 నానోగ్రాములు, ఒక మిల్లీలీటరు రక్తానికి. అది కేంద్రాన్ని బట్టి, రోగిని బట్టి కొంత మారుతుంది కానీ, మార్పిడి జరిగిన మొదటి ఏడాదిలో 2.9ని ఎక్కడా ఒప్పుకోరు.

కవరులో దొరికింది

'ఈ మధ్య వేరే మందులు ఏమైనా వాడారా?' అని అడిగితే సూటిగా జవాబు వచ్చింది. 'ట్రాన్స్‌ప్లాంట్ మందులు తప్ప ఇంకేమీ ముట్టలేదు మేడం.' అబద్ధం చెప్పలేదు. దగ్గుకు వాడిన మాత్ర ఆయన లెక్కలో మందు కిందకు రాదు. అందుకే ఈ ప్రశ్న ఒక్కటే అడిగి ఊరుకోను. దగ్గు వచ్చిందా, పంటి నొప్పికి ఎక్కడైనా చూపించుకున్నారా, విరేచనాలు అయ్యాయా, తామరకు ఏమైనా మింగారా, నడుం నొప్పికి సూది వేయించుకున్నారా అని ఒక్కో ఇబ్బంది పేరు చెప్పి అడగాలి. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక కవరులో వేసుకు రమ్మంటాను. ఆయన భార్య మర్నాడు ఊరు వెళ్లి తెచ్చింది. బల్ల మీద పోస్తే అందులో రెండు మాత్రలు మిగిలిన క్లారిథ్రోమైసిన్ 500 స్ట్రిప్పు ఉంది.

అక్కడి నుంచి కథ వెనక్కి వెళ్లింది. భార్యకు తేదీలు బాగా గుర్తున్నాయి. పాత చీటీలు, డిశ్చార్జి కాగితం, ఫోన్‌లో ఉన్న రిపోర్టులు వరసగా పెట్టుకుంటే జరిగింది ఇది.

పదో నెలలో దగ్గు, గొంతు నొప్పి వచ్చాయి. దగ్గర్లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లారు. కిడ్నీ మార్పిడి అయిందని చెప్పారట, మందుల పేర్లు మాత్రం చెప్పలేదు. చీటీ వెంట లేదు. క్లారిథ్రోమైసిన్ రోజుకు రెండు, ఏడు రోజులకు రాసిచ్చారు. మామూలు మనిషికైతే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఐదో రోజుకు తలనొప్పి మొదలైంది. చేతులు వణకసాగాయి. మగ్గం మీద పోగు తెగితే ముడి వేయలేకపోయారు. ఆయన చెప్పిన మాట నేను అలాగే నోట్ చేసుకున్నాను. 'వేళ్లు నా మాట వినలే మేడం, పక్క మగ్గం అబ్బాయిని పిలిచి ముడి ఏపించుకున్యా.' టాక్రోలిమస్ ఒంట్లో మరీ ఎక్కువైనప్పుడు వచ్చే వణుకును ఇంత స్పష్టంగా చెప్పిన రోగి నాకు ఇంకొకరు లేరు. చాలామంది టీ గ్లాసు తొణుకుతోందనో, సంతకం కుదరడం లేదనో చెబుతారు. కొందరు అదీ చెప్పరు, నీరసం అనుకుంటారు.

ఒక ఆసుపత్రిలో చేర్చారు. టాక్రోలిమస్ లెవెల్ 22.4. క్రియాటినిన్ 1.9. పొటాషియం 5.9. మూడూ ఎక్కువే. అక్కడి డాక్టర్లు వెంటనే కారణం పట్టుకున్నారు. క్లారిథ్రోమైసిన్ ఆపారు, టాక్రోలిమస్ రెండు రోజులు ఆపి తర్వాత 1 + 1 తో మొదలుపెట్టారు. ఇంటికి పంపే రోజున లెవెల్ 9.1. వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించి రిపోర్టు పంపమన్నారు. ఇంతవరకు చేసినదంతా ఆ రోజుకు సరైనదే.

వారం తర్వాత పక్క ఊరి ల్యాబ్‌లో రక్తం ఇచ్చారు. టాక్రోలిమస్ 8.4, క్రియాటినిన్ 1.3. రిపోర్టు ఫోటో తీసి పంపితే 'లెవెల్ బాగుంది, అదే డోసు కొనసాగించండి' అని సమాధానం వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మగ్గం పని మళ్లీ మొదలైంది. నెల తర్వాత క్రియాటినిన్ 2.3.

8.4 దగ్గర ఆగాను

నాకు ఈ కేసులో అన్నిటికంటే అనుమానం కలిగించింది ఆ 8.4. ఎందుకంటే ఫైలులో పాత లెవెళ్లు ఉన్నాయి. 2 + 2 వేసుకున్నప్పుడు 6.8, 7.2, 6.5. డోసు సగం చేస్తే లెవెల్ కూడా కొంచెం అటూ ఇటూగా సగం కావాలి, అంటే మూడు, మూడున్నర. ఇక్కడ డోసు సగమైంది, లెవెల్ పెరిగింది. ఇది మూడు రకాలుగా జరగొచ్చు. క్లారిథ్రోమైసిన్ ప్రభావం ఇంకా పోయి ఉండకపోవచ్చు. విరేచనాలు అయి ఉండొచ్చు. లేదా రక్తం తీసిన వేళ తప్పయి ఉండొచ్చు.

మొదటిది కొట్టేయవచ్చు. ఆ యాంటీబయాటిక్ ఆపి అప్పటికి పది రోజులు దాటింది. అది పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే సీవైపీ 3ఏ4 అనే ఎంజైమును కట్టేస్తుంది. మనం మింగిన టాక్రోలిమస్‌లో సగటున నాలుగో వంతే రక్తంలోకి చేరుతుంది, మిగతాదాన్ని చాలావరకు ఈ ఎంజైమే దారిలో అరగదీస్తుంది. దాన్ని కట్టేస్తే అదే మాత్ర మూడు నాలుగు మాత్రలు వేసుకున్నట్టు పనిచేస్తుంది. క్లారిథ్రోమైసిన్ ఆపిన మర్నాడే ఎంజైము తిరిగి రాదు. శరీరం కొత్తగా తయారు చేసుకోవాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది. డిశ్చార్జి రోజు 9.1 ఉండడానికి కారణం అదే. 1 + 1 ఆ వారానికి సరిపోయిన డోసు. ఎంజైము మామూలు స్థితికి వచ్చాక అదే డోసు చాలదు.

విరేచనాలు కాలేదని ఇద్దరూ గట్టిగా చెప్పారు. (విరేచనాలైతే టాక్రోలిమస్ తగ్గిపోతుందని అందరూ అనుకుంటారు. సాధారణంగా పెరుగుతుంది. పేగు గోడ దెబ్బతిని ఆ ఎంజైము పని మందగిస్తుంది కాబట్టి. రెండు మూడు రోజులు విరేచనాలు తగ్గకపోతే ఇంట్లో ఓఆర్ఎస్ తాగుతూ కూర్చోకుండా లెవెల్, క్రియాటినిన్ చూపించుకోవాలి.)

ఇక మిగిలింది వేళ. రిపోర్టు ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. కింద చిన్న అక్షరాల్లో 'శాంపిల్ తీసిన సమయం 10:12' అని ఉంది. ఆయన భార్యను అడిగాను. 'ఆ రోజు ఉదయం మాత్ర ఎప్పుడు వేసుకున్నారమ్మా?'

'ఎప్పట్లాగే ఎనిమిదింటికి మేడం. మాత్ర ఎప్పుడూ తప్పనియ్యం. ఏసుకొని, ఇడ్లీ తిని, బస్సుకు పోయినాము.'

టాక్రోలిమస్ మింగిన గంట, రెండు గంటలకు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. అక్కడి నుంచి తగ్గుతూ పన్నెండో గంటకు, అంటే తర్వాతి మాత్రకు సరిగ్గా ముందు, అడుగుకు వస్తుంది. 6 నుంచి 8 అనే హద్దు ఆ అడుగు లెవెల్‌కు పెట్టింది. ఆయన 8.4 శిఖరం దగ్గర తీసిన అంకె. దాన్ని అడుగు హద్దుతో పోల్చి చూస్తే దాదాపు సరిపోయినట్టే కనిపించింది. నిజమైన అడుగు లెవెల్ అప్పటికే మూడు చుట్టుపక్కల ఉండి ఉండాలి. నెల రోజులు ఆ కిడ్నీకి సగం కాపలాతోనే గడిచిందన్నమాట.

వాళ్లు మాత్ర ఒక్క పూట కూడా మానలేదు. మందు తప్పకుండా వేసుకునే మంచి అలవాటే ఇక్కడ లెవెల్‌ను పాడు చేసింది. వేసుకోకుండా రమ్మని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ల్యాబ్‌లో మాత్ర వేసుకున్నారా అని ఎవరూ అడగలేదు. రిపోర్టు చూసినవాళ్లకు ఫోటోలో అంకె కనిపించింది, టైం కనిపించలేదు. ఇందులో ఒక్కరి మీద నేరం మోపడానికి లేదు. కానీ నా అభిప్రాయం ఒకటుంది. మాత్ర వేసుకున్న టైం, రక్తం తీసిన టైం, ఈ రెండూ లేని టాక్రోలిమస్ అంకెను రిపోర్టుగా లెక్కపెట్టకూడదు. దాన్ని చూసి డోసు పెంచకూడదు, తగ్గించకూడదు, 'బాగుంది' అని కూడా అనకూడదు.

రెండో విషయం చీటీ. 1 + 1 అని రాసిన కాగితం మీద 'ఎప్పటివరకు' అని లేదు. తాత్కాలికంగా మార్చిన డోసుకు ఒక గడువు తేదీ ఉండాలి. ఫలానా తేదీకి మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి, ఫలానా వారికి చూపించి, అప్పుడు నిర్ణయం అని. ఆ వాక్యం లేకపోతే తాత్కాలిక డోసే శాశ్వత డోసు అయిపోతుంది. మెడికల్ షాపులో ఆ చీటీ చూపించి నెలనెలా కొనుక్కుంటారు.

బయాప్సీ, చికిత్స

మర్నాడు బయాప్సీ చేశారు, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. టీ-కణాల (రోగనిరోధక కణాల) వల్ల వచ్చిన తీవ్ర రిజెక్షన్, రిజెక్షన్ రకాన్ని, తీవ్రతను చెప్పే బాన్ఫ్ వర్గీకరణలో 1ఏ. యాంటీబాడీల వల్ల వచ్చే రకం లక్షణాలు లేవు, దానికి గుర్తుగా చూసే సీ4డీ నెగెటివ్. మార్చిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ ఆనవాళ్లు లేవు. దాత మీద పుట్టే యాంటీబాడీల పరీక్ష, డీఎస్ఏ అంటాం, అదీ నెగెటివే. అంటే రిజెక్షన్లలో చికిత్సకు బాగా లొంగే రకమే.

ఆ రోజు తల్లి కూడా ఉంది. 57 ఏళ్ల మనిషి. ఆమె అడిగిన ప్రశ్న ఇది. 'నా కడుపున పుట్టినోడికి నా కిడ్నీ పడకుండా ఎట్ల పోతాది మేడం?'

తల్లి నుంచి బిడ్డకు వచ్చేది సగం గుర్తులే, మిగతా సగం తండ్రివి. బిడ్డ శరీరానికి తల్లి కిడ్నీలో సగం పరాయిదే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు లేకుండానే నిలబడింది. కారణం, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే పోలిక కవలలు. మిగతా ఎవరికైనా మందు తప్పదు. మన పక్కనే వెల్లూరులో 1971లో మార్పిడి చేసిన రోజుల్లో టాక్రోలిమస్ లేదు. దాన్ని 1984లో జపాన్‌లో, త్సుకుబా అనే చోట మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి కనుక్కున్నారు. ఇదంతా ఆమెకు ఇలా చెప్పలేదులెండి. 'సగం నీ పోలికమ్మా, సగం వాళ్ల నాన్న పోలిక. ఆ రెండో సగానికి తగాదా రాకుండా ఈ మాత్ర' అన్నాను. ఆమె నవ్వింది. 'వాళ్ల నాయనతో నాకూ అదే తగాదా' అంది.

మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 500 మిల్లీగ్రాములు రోజుకొకటి, మూడు రోజులు నరంలోకి ఇచ్చారు. టాక్రోలిమస్ తిరిగి 2 + 2 చేశాం. నాలుగు రోజుల తర్వాత, ఈసారి మాత్రకు ముందు తీసిన లెవెల్ 6.9. క్రియాటినిన్ 2.5 వరకు పోయి మెల్లగా దిగింది. ఇంటికి పంపేనాటికి 1.9, ఆరు వారాలకు 1.5. స్టెరాయిడ్ డోసు రెండో రోజున షుగర్ 312కి పోయింది, కొన్నాళ్లు ఇన్సులిన్ ఇవ్వాల్సి వచ్చింది. రోగనిరోధక శక్తిని గట్టిగా అణిచాం కాబట్టి న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ మళ్లీ మొదలుపెట్టాం. అది పొటాషియం పెంచుతుంది కాబట్టి దాని మీదా ఒక కన్ను.

ఆయన రోజుకు తగ్గట్టు

డిశ్చార్జికి ముందు ఆయన రోజు ఎలా గడుస్తుందో అడిగి తెలుసుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. మగ్గం పని షిఫ్టుల్లో. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఎనిమిదికి మాత్ర అంటే తిరుపతి ఓపీకి వచ్చే రోజు చిక్కే. నగరి నుంచి బస్సెక్కి, పుత్తూరు మీదుగా వచ్చి, చీటీ తీసుకుని రక్తం ఇచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. అందుకే టైం మార్చాం. ఉదయం 9, రాత్రి 9. షిఫ్టు మారినా ఈ టైం మారదు. రక్తం ఇచ్చే రోజు ఉదయం మాత్ర జేబులో పెట్టుకుని వస్తారు, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకుంటారు. బస్సు ఆలస్యమై పదిన్నరకు తీసినా ఫర్వాలేదు, రెండు టైములూ రాస్తే మేము లెక్క చూసుకుంటాం. పొరపాటున వేసుకుని వచ్చేస్తే ఆ రోజు లెవెల్‌కు రక్తం ఇవ్వవద్దన్నాం. ఇంకో రోజు వస్తే బస్సు చార్జీ పోతుంది, తప్పుడు అంకె వల్ల పోయేది ఆయనకు ఇప్పటికే తెలుసు.

టాక్రోలిమస్ ఖాళీ కడుపుతో బాగా పడుతుంది. ప్రతిరోజూ భోజనానికి గంట ముందు అని పెట్టుకోగలిగితే మంచిది. రాత్రి షిఫ్టులో అది కుదరదని ఆయన నిజాయితీగా చెప్పారు. సరే, తిన్న రెండు మూడు గంటలకు వేసుకోండి, కానీ రోజూ అలాగే వేసుకోండి అన్నాం. ఒకరోజు ఖాళీ కడుపుతో, ఒకరోజు బిర్యానీ మీద వేసుకుంటే లెవెల్ ఊగిసలాడుతుంది. అలా ఊగే లెవెల్ కూడా కాలక్రమేణా కిడ్నీకి చెడే.

మరచిపోతే ఏం చేయాలన్నది అందరూ అడిగేదే. రెండు మూడు గంటలు ఆలస్యంగా గుర్తొస్తే వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్ర దగ్గరపడ్డాక గుర్తొస్తే వదిలేయాలి. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోకూడదు. మానిన సంగతి మాకు చెప్పాలి, తిడతామని దాచకూడదు.

మొక్కు ఉంది, తిరుమల వెళ్లాలి అన్నారు. తిరుపతిలో పనిచేస్తూ ఈ ప్రశ్న వినని వారం ఉండదు. సర్వదర్శనం క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఫోన్ లోపలికి రానివ్వరు కాబట్టి అలారం పనికిరాదు. మాత్రలు స్ట్రిప్పుతో సహా ఒంటి మీదే ఉండాలి, గదిలో బ్యాగులో కాదు. మాస్కు, తాగే నీళ్లు ఉండాలి. రద్దీ రోజులు, ముఖ్యంగా బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ ఏడాది వద్దన్నాం. అలిపిరి మెట్లు కూడా రిజెక్షన్ తగ్గి స్థిరపడేదాకా వద్దు. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ కిడ్నీ తట్టుకోలేదు. తలనీలాలకు అభ్యంతరం లేదు, కొత్త బ్లేడు అని అడిగి చూసుకోమన్నాం. నిర్జల ఉపవాసాలు ఇక జీవితంలో లేవు.

ఊరి డాక్టరుకు చూపించడానికి ఒక అట్ట కార్డు రాసిచ్చాను. పైన ఆయన మందుల పేర్లు, మా నంబరు. కింద, టాక్రోలిమస్‌ను పెంచేవి అని క్లారిథ్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్, వోరికోనజోల్, డిల్టియజెమ్, వెరాపమిల్. తగ్గించేవి అని రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమాజెపిన్. అసలు వద్దు అని నొప్పి మందులు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్. రాసిన వాటిలో ఇట్రాకోనజోల్ కింద గీత గీశాను. మన వేడికి, చెమటకు తామర ఇంటింటా ఉంది, దానికి నెలల తరబడి ఈ మాత్ర రాయడం మామూలైపోయింది. రిఫాంపిసిన్ సంగతీ అంతే. మన దేశంలో మార్పిడి అయినవాళ్లకు టీబీ రావడం అరుదు కాదు, మామూలు టీబీ మందులు మొదలుపెడితే టాక్రోలిమస్ లెవెల్ పాతాళానికి పోతుంది. ఊళ్లో మొదలుపెట్టకుండా ముందు మాతో మాట్లాడాలి. దగ్గుకు యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటివి ఉన్నాయి. క్లారిథ్రోమైసిన్ గుంపులోదే కావాలంటే అజిథ్రోమైసిన్ ప్రభావం దానికంటే చాలా తక్కువ.

నడుం నొప్పి సూది గురించి ఆయనతో విడిగా మాట్లాడాను. మగ్గం దగ్గర నిలబడి పనిచేసేవాళ్లకు అది తప్పదు, డైక్లోఫెనాక్ సూది వేయించుకుని మళ్లీ పనికి పోవడం అక్కడ అలవాటు. టాక్రోలిమస్ కిడ్నీలోకి పోయే రక్తనాళాన్ని కొంచెం బిగిస్తుంది, ఈ సూది ఇంకొంచెం బిగిస్తుంది. పారాసెటమాల్, కాపడం, మగ్గం దగ్గర పీట. అంతకంటే ఎక్కువ నా దగ్గర లేదు, ఆయనకు అది చాలలేదని ముఖమే చెప్పింది.

పంపరపనస వద్దన్నాను, అది తిన్నా ఆ ఎంజైము మందగిస్తుంది. బత్తాయి తినవచ్చు. తిప్పతీగ పొడి, ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే కషాయాలు ఇంట్లో ఉన్నాయా అని అడిగితే తల్లి తలదించుకుంది. కరోనా నాటి నుంచి ఇంటిల్లిపాదీ తాగుతున్నారట. కొడుకు ఒంట్లో దేన్ని అణచడానికి ఇంత ఖర్చు పెడుతున్నామో దాన్నే లేపే మందు అది అని చెప్పాను. గ్యాస్‌కు వాడే తెల్ల సిరప్‌ల గురించీ చెప్పాలి. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్నవి మైకోఫినోలేట్‌ను పేగులోనే పట్టేస్తాయి, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

షాపులో బ్రాండు మారితే ఫోన్ చేయమన్నాను. మారకూడదని కాదు, మారినప్పుడు వారంలో లెవెల్ చూడాలి. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. టాక్రోలిమస్‌లో రోజుకు రెండుసార్లు వేసుకునేది వేరు, ఒక్కసారి వేసుకునే నెమ్మదిగా కరిగే రకం వేరు. ప్రోగ్రాఫ్ మొదటి రకం, అడ్వాగ్రాఫ్ రెండో రకం. దేశీ బ్రాండ్లలో పేర్లు దాదాపు ఒకటే, చివర ఒకటి రెండు అక్షరాలే తేడా. రద్దీలో షాపు అబ్బాయి ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చేయడం చూశాను. పాత ఖాళీ స్ట్రిప్పు తీసుకెళ్లి పక్కన పెట్టి సరిచూసుకోవడమే దీనికి ఉపాయం.

ఇప్పుడు

రెండు నెలలకు మళ్లీ దగ్గు వచ్చింది. కార్డు తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ డాక్టరే అక్కడి నుంచి మాకు ఫోన్ చేశారు. ఛాతీలో ఏమీ లేదు, జ్వరం లేదు, యాంటీబయాటిక్ లేకుండానే తగ్గింది. ఆ డాక్టరు ఇప్పుడు మార్పిడి రోగి ఎవరు వచ్చినా ఫోన్ చేస్తున్నారు. ఇందులో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

మా దగ్గర ల్యాబ్ చీటీ మీద రెండు గళ్లు చేర్పించాం. 'చివరి మాత్ర టైం', 'రక్తం తీసిన టైం'. మొదటి గడి ఖాళీగా ఉంటే శాంపిల్ తీసుకోరు. మొదట్లో టెక్నీషియన్లు విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు.

ఆయన క్రియాటినిన్ 1.4, 1.5 మధ్య నిలిచింది. పాత 1.1కి రాలేదు, వస్తుందని మేము చెప్పలేదు. మూత్రంలో ప్రొటీన్ లేదు. చివరి మూడు లెవెళ్లు 6.4, 6.9, 6.2, మూడింటి పక్కనా రెండు టైములూ రాసి ఉన్నాయి. ఇన్సులిన్ ఆగింది కానీ షుగర్ పూర్తిగా పోలేదు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.9, లినాగ్లిప్టిన్ అనే షుగర్ మాత్ర మీద ఉన్నారు. స్టెరాయిడ్‌తో పాటు టాక్రోలిమస్ కూడా షుగర్ పెంచే మందే. ఏడాది దాటింది కాబట్టి లెవెల్‌ను ఐదు, ఆరు మధ్యకు దించితే షుగర్‌కు మేలు. ఈ మధ్యే రిజెక్షన్ వచ్చి పోయిన కిడ్నీకి అది తొందరపాటు కావచ్చు. మా నెఫ్రాలజిస్టు ఆగుదామంటున్నారు, నేను ఇంకొంచెం దించవచ్చంటున్నాను. వచ్చే నెల డీఎస్ఏ మళ్లీ పంపుతున్నాం, అది చూశాక నిర్ణయిస్తాం.